బొటీక్ ట్యూబ్ యాంప్‌లు: ఏది బాగుందో తేల్చే ముందు కొన్ని అపోహలు

గిటార్ ట్యూబ్ యాంప్‌లు (గాజు ట్యూబులు, అంటే వాల్వులతో గిటార్ సౌండ్ పెంచే పెట్టెలు) రిపేరు చేయడం నా పని. రెండు మూడు నెలలకోసారి ఎవరో ఒకరు రెండు యాంప్‌లు ఆటోలో వేసుకొచ్చి, "అన్నా, రెండిట్లో ఏది బాగుందో నువ్వే చెప్పు" అంటారు. ఒకటి మామూలు ఫ్యాక్టరీ సరుకు. రెండోది అమెరికాలో ఏదో చిన్న వర్క్‌షాపులో చేత్తో కట్టింది, బొటీక్ అనేది వీటినే. దానికి పెట్టిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్ కారు వస్తుంది. ప్లగ్గు పెట్టకముందే తీర్పు వాళ్ల మనసులో రాసేసి ఉంటుంది, నాకు మిగిలేది సాక్షి సంతకం. తేడాలు లేవని నేననను. ఉన్నాయి. కాకపోతే జనం వెతికే చోట తక్కువ.

అపోహ: రెండిట్లోనూ నాబ్‌లన్నీ సగంలో పెట్టి వాయిస్తే పోలిక సరిగ్గా ఉంటుంది.

నా దగ్గరికొచ్చే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. ఫెండర్ కంపెనీ బ్లాక్‌ఫేస్ (నల్ల ప్యానెల్) రకం యాంప్‌లో ట్రెబుల్ (హెచ్చు స్వరాలు), మిడ్ (మధ్యవి), బాస్ (తగ్గువి) మూడూ 5 మీద పెడితే మిడ్ బాగా పడిపోతుంది. ఆ సర్క్యూట్ తీరే అంత. దాదాపు సమంగా రావాలంటే మిడ్‌ను 10 దాకా తిప్పి, మిగతా రెండూ 2 దగ్గరికి దించాలి. ఇంకో యాంప్‌లో 5 అంటే లెక్క వేరు. వాల్యూమ్ నాబ్‌దీ అదే కథ. కొన్నిట్లో 4 దాటేసరికి ఉన్న సౌండంతా వచ్చేస్తుంది, ఆ పైన పెరిగేది డిస్టార్షనే (సౌండ్ గరగరలాడటం).

అన్నిటికన్నా మోసం చేసేది సౌండ్ ఎక్కువ తక్కువలు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బాస్ మిగతావాటికన్నా త్వరగా సన్నబడుతుందని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి ఒక యాంప్ రెండోదానికన్నా ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అది "గట్టిగా ఉంది" అనిపించదు, "నిండుగా ఉంది" అనిపిస్తుంది. నేనూ ఈ గోతిలో పడ్డవాణ్నే. కొన్నేళ్ల క్రితం నా సొంత యాంప్‌లో కప్లింగ్ కెపాసిటర్లు (ఒక దశ నుంచి ఇంకో దశకు సిగ్నల్ అందించేవి) తీసి ఖరీదైనవి వేశాను. రెండు రోజులపాటు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, సౌండ్ మీద ముసుగు తీసేసినట్టుందని చెప్పాను. మూడో రోజు మీటర్ పెట్టి చూస్తే దాదాపు రెండు డెసిబెల్స్ ఎక్కువొస్తోంది. పని అయ్యాక వాల్యూమ్ నాబ్ తిరిగి బిగించేటప్పుడు దాని గీత పక్కకు జరిగింది, అంతే. నాబ్ సరిచేశాక ముసుగు మళ్లీ వచ్చేసింది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ఒక లూపర్ పెడల్‌లో (వాయించింది పట్టుకుని మళ్లీ మళ్లీ వినిపించే పరికరం) ఒకే ముక్క రికార్డు చేసి రెండు యాంప్‌లకూ అదే పంపిస్తాను. రెండిటికీ ఒకే స్పీకర్ క్యాబినెట్. మీటర్ చెవి ఎత్తులో పెట్టి సౌండ్ సమం చేస్తాను. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ను టార్చిలైటులా నేరుగా ముందుకు కొడుతుంది, అందుకని నిలబడే చోటు కూడా మార్చనివ్వను. యాంప్‌లు మార్చేది మూడో మనిషి, తెర వెనక నుంచి. క్యాబినెట్‌ను ఒక యాంప్ నుంచి రెండోదానికి మార్చేటప్పుడు యాంప్ తప్పకుండా ఆపాలి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్ వాయిస్తే ట్యూబులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, అది కాలితే బిల్లు చూసి మీరు నన్ను తిడతారు.

లూపర్‌తో తెలియనిది ఒకటుంది: వేలికి యాంప్ ఎలా బదులిస్తోందన్నది. దానికోసం తర్వాత గిటార్ చేతికిచ్చి విడిగా వాయించమంటాను. వినడం ఒకటి, వాయించడం ఒకటి. రెండూ కలిపితే ఏదీ తేలదు.

అపోహ: సౌండంతా ట్యూబుల్లోనే ఉంటుంది.

దీనికి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1950ల చివర్లో వచ్చిన ఫెండర్ బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌ను దాదాపు ఉన్నదున్నట్టు తీసుకుని, 1962లో లండన్‌లోని జిమ్ మార్షల్ దుకాణంలో జేటీఎం45 యాంప్ తయారుచేశారు. కాగితం మీద రెండూ అన్నదమ్ములు, వింటే పోలికే ఉండదు. ఎందుకు? మొదటి ట్యూబ్ 12ఏవై7 బదులు 12ఏఎక్స్7 వేశారు, దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ను పెంచగల శక్తి) 45 చుట్టూ ఉండేది 100కు పెరిగింది. అంటే ట్యూబుల వాటా ఉంది. కానీ నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి సౌండ్‌ను అదుపు చేయడం) ఫెండర్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 2 ఓమ్‌ల కొస నుంచి తీస్తే, మార్షల్‌లో అదే విలువ రెసిస్టర్‌తో 16 ఓమ్‌ల కొస నుంచి తీశారు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వేరు. అన్నిటికీ మించి, వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్ల స్థానంలో, వెనక మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల సెలెస్షన్ స్పీకర్లు వచ్చాయి. నన్నడిగితే తేడాలో సగానికి పైగా ఆ పెట్టెదే.

ట్యూబ్ యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు) ఎక్కువ కాబట్టి స్పీకర్ గుణం యాంప్ మీద కూడా స్వారీ చేస్తుంది. అందుకే స్పీకర్ మార్చినప్పుడు వచ్చే తేడా ఏ ట్యూబ్ మార్పుకూ రాదు. ఇక ట్యూబుల బ్రాండ్‌ల సంగతి: ఇవాళ పెద్దఎత్తున తయారయ్యేది స్లొవేకియా, రష్యా, చైనాల్లోని కొద్ది ఫ్యాక్టరీల్లోనే. డబ్బా మీద పేరు వేరైనా లోపలి సరుకు చాలాసార్లు ఒకటే. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా వాల్వులు తయారుచేసేది. పాత రేడియో మెకానిక్కుల అటకల మీద దాని వాల్వులు ఇంకా దొరుకుతున్నాయి. దొరికితే పారేయకండి.

అపోహ: చేత్తో వైరింగ్ చేసిందే బాగా పలుకుతుంది, సర్క్యూట్ బోర్డు ఉంటే సౌండ్ చచ్చిపోతుంది.

సోల్డానో ఎస్‌ఎల్‌ఓ-100 యాంప్ లోపల ఉన్నది సర్క్యూట్ బోర్డే. దాన్ని ఎవరూ చవక సౌండ్ అనలేదు. అందరూ పూజించే పాత ఫెండర్‌లు కూడా అసలైన పాయింట్ టు పాయింట్ (బోర్డు లేకుండా భాగాల్ని నేరుగా కలపడం) కావు, ఐలెట్ బోర్డు (లోహపు కన్నాలున్న పలక) మీద కట్టినవి. అయితే వైరు ఏ దారిన పోతోందన్నది మాత్రం నిజంగా ముఖ్యం. న్యూజెర్సీలో కెన్ ఫిషర్ కట్టిన ట్రైన్‌రెక్ ఎక్స్‌ప్రెస్ లాంటి ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను బాగా పెంచే) సర్క్యూట్‌లో ఒక వైరు కాస్త పక్కకు జరిగితే చాలు, యాంప్ ఈల వేస్తుంది. (ఆయన యాంప్‌లకు సీరియల్ నంబర్లు కాకుండా ఆడవాళ్ల పేర్లు పెట్టేవాడు.) చేతి వైరింగ్‌తో నాకు కలిసొచ్చేది రిపేరు. భాగాలన్నీ కంటికి కనిపిస్తాయి, సోల్డరింగ్ ఐరన్‌కు అందుతాయి.

అపోహ: ఇది క్లాస్ ఏ యాంప్, అందుకే ఆ తీపి.

క్లాస్ ఏ అంటే ట్యూబులు ఒక్క క్షణం కూడా ఆగకుండా పనిచేసే తీరు. వాక్స్ ఏసీ30 నుంచి మ్యాచ్‌లెస్ డీసీ-30 దాకా యాంప్‌ల గురించి అందరూ అనే మాట. చిన్న లెక్క వేద్దాం. ఒక ఈఎల్84 ట్యూబ్ భరించగల వేడి 12 వాట్లు. వాటిలో ఉండే నాలుగిటికి 48. క్లాస్ ఏ గరిష్ఠ సామర్థ్యం సగం, అంటే 24 వాట్లు, అదీ పుస్తకంలో. మరి 30 వాట్లు ఎక్కడివి? గట్టిగా వాయించేటప్పుడు అది క్లాస్ ఏబీలోకి (ట్యూబులు వంతులవారీగా కాస్త ఆగే తీరు) జారుతుంది కాబట్టి. ఆ తీపికి కారణం క్యాథోడ్ బయాస్ (ట్యూబ్ కరెంటు దానంతటదే సర్దుకునే ఏర్పాటు), నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేకపోవడం, ఈఎల్84 స్వభావం. పేరు తప్పైనా సౌండ్ నిజమే.

అపోహ: 100 వాట్లు అంటే 50కి రెట్టింపు సౌండ్.

మూడే డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలి. 100 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో వచ్చే సౌండ్) ఉన్న స్పీకర్‌కు ఒక్క వాట్ ఇచ్చినా అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు.

అపోహ: డంబుల్‌లో ఏదో రహస్యం ఉంది.

అమెరికాలో చేత్తో యాంప్‌లు కట్టిన అలెగ్జాండర్ డంబుల్ 2022లో పోయారు. జీవితమంతా కలిపి సుమారు 300 యాంప్‌లు కట్టారంటారు. సర్క్యూట్ ఎవరూ కాపీ కొట్టకుండా దాని మీద ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పోసేసేవారు. ఆ పూత గీకి చూసినవాళ్లకు కనిపించింది ఫెండర్ వంశపు సర్క్యూట్, దానికి జోడించిన ఓవర్‌డ్రైవ్ (కావాలని డిస్టార్షన్ తెచ్చే) దశ, ఎంతో ఓపికతో చేసిన ట్యూనింగ్. ఒక్కో యాంప్‌ను దాన్ని వాయించే మనిషికి తగ్గట్టు సరిచేసేవారు. కాబట్టి డంబుల్ సౌండ్ అని ఒకటే లేదు. "అచ్చం డంబుల్" అని అమ్మేవాణ్ని "ఎవరి డంబుల్?" అని అడగండి.

అపోహ: యూట్యూబ్‌లో విన్న సౌండే ఇంట్లోనూ రావాలి.

మైక్ సంగతి వదిలేద్దాం, అది అందరికీ తెలిసిందే. నేను చెప్పేది కరెంటు గురించి. అమెరికా నుంచి వచ్చిన యాంప్ 120 వోల్టులకు, 60 హెర్ట్‌జ్‌కు తయారైంది. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. దానికని కొనే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలావరకు 110 ఇస్తుంది. వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ తిరిగి లైన్ 200కి పడితే యాంప్‌కు అందేది 95. అప్పుడు ట్యూబును లోపల వేడిచేసే హీటర్‌కు 6.3 బదులు 5 వోల్టులు వస్తాయి. "నిన్న భలే ఉందన్నా, ఇవాళ నీరసంగా ఉంది" అనే ఫిర్యాదుతో వచ్చే యాంప్‌ను విప్పే ముందు ఇంట్లో మల్టీమీటర్‌తో వోల్టేజ్ చూసి రమ్మంటాను. ఫ్రీక్వెన్సీ తగ్గినందుకు పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, వెనక గాలి ఆడేలా చూసుకోండి.

మొన్న వచ్చిన కుర్రాడికి పైన చెప్పిన పద్ధతిలోనే తెర కట్టి వినిపించాను. ఐదు సార్లలో మూడు సార్లు తన పాత ఫ్యాక్టరీ యాంపే బాగుందన్నాడు. ముఖం చిన్నబోయింది. తర్వాత రెండిటి వెనక పలకలూ విప్పి చూపించాను. కాసేపు చూసి, "ఇది చెడిపోతే నువ్వు గంటలో బాగుచేస్తావు కదన్నా" అంటూ బొటీక్‌దే తీసుకున్నాడు. పాతది ఇంకా నా బెంచీ మీదే ఉంది. దాని ఛానెల్ స్విచ్ ఒక్కటి మార్చాలంటే బోర్డు మొత్తం బయటికి తీయాలి, ఇంకా మొదలుపెట్టలేదు.