517501: మన పిన్‌కోడ్ ఒక ప్రధాన సంఖ్య

తిరుపతి వాళ్లం 517501 అని ఎన్నిసార్లు రాసుంటామో! దేశంలో పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొన్న పార్సిల్ పట్టుకుని పోస్టాఫీసు క్యూలో నిలబడ్డప్పుడు, ఈ సంఖ్యను ఏది భాగిస్తుందో చూద్దామనిపించింది.

చివర 1 ఉంది, కాబట్టి 2, 5 కుదరవు. అంకెలన్నీ కూడితే 19, అంటే 3 కూడా కాదు. 7తో భాగిస్తే 5 మిగిలింది, 11తో 6, 13తో 10. 23 దగ్గర ఆశ పుట్టింది. 23ని 22500తో హెచ్చిస్తే 517500. ఒక్కటంటే ఒక్కటి మిగిలిపోయింది!

ఇంటికొచ్చి మిగతా లెక్క పట్టుకున్నాను. ఎంతదాకా చూడాలి? ఏ సంఖ్యనైనా రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, వాటిలో చిన్నది ఆ సంఖ్య వర్గమూలాన్ని దాటదు. 719 వర్గం 516961, 720 వర్గం 518400. కాబట్టి 719 దాకా చూస్తే చాలు. అక్కడికి 128 ప్రధాన సంఖ్యలు. ఓపిగ్గా అన్నిటితోనూ భాగించాను, ప్రతిసారీ ఎంతో కొంత మిగిలింది. మన 517501 ప్రధాన సంఖ్యే.

నాకు ఇంతకన్నా నచ్చిన సంగతి ఇంకొకటుంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు, అదీ ఒకే ఒక్క విధంగా. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 డిసెంబరు 25న తోటి గణితజ్ఞుడు మెర్సెన్‌కు రాసిన ఉత్తరంలో ఈ మాట చెప్పాడు. నిరూపణ మాత్రం రాయలేదు. దానికి వందేళ్లు దాటాక ఆయిలర్ అనే గణితజ్ఞుడు రావాల్సొచ్చింది. మన 517501ని 4తో భాగించినా 1 మిగులుతుంది, దానికి ఆ జత 699, 170. వాటి వర్గాలు 488601, 28900. కూడి చూడండి, సరిగ్గా 517501 వస్తుంది. వేరే ఏ జతా దొరకదు.

మరి చిత్తూరు? 517001 ప్రధాన సంఖ్య కాదు, 37, 89, 157ల లబ్ధం. ఈ మూడింటిలో దేన్ని 4తో భాగించినా 1 మిగులుతుంది. అందుకే చిత్తూరుకు నాలుగు జతలు: (701, 160), (715, 76), (676, 245), (560, 451). ఏ జత వర్గాలు కూడినా 517001 వస్తుంది. తిరుపతికి ఒకటే దారి, చిత్తూరుకు నాలుగు!

కొండ మీది తిరుమల పిన్‌కోడ్ 517504 కూడా చూశాను. అది 128, 13, 311ల లబ్ధం. ఈ 311ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. అలాంటి ప్రధాన సంఖ్య కారణాంకాల్లో ఒక్కసారే వస్తే రెండు వర్గాల జత కుదరదు. తిరుమలకు ఒక్క జతా లేదు.