పాలిమర్ పిస్టల్: అపోహలు, వాస్తవాలు

పోలీసు ఆయుధాల మరమ్మతు నా వృత్తి. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌కు, అంటే పోలీసు ఆయుధాలు భద్రపరిచే చోటుకు వచ్చే కొత్త కుర్రాళ్లు పాలిమర్ పిస్టల్ పట్టుకోగానే "ప్లాస్టిక్ కదా సార్, ఆగుతుందా?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: మొత్తం ప్లాస్టిక్కే, మెటల్ డిటెక్టర్‌కు దొరకదు.

వాస్తవం: పాలిమర్ ఉండేది ఫ్రేమ్‌లో, అంటే పిడి, ట్రిగ్గర్ గార్డు ఉన్న కింది భాగంలో. స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం), బ్యారెల్ (గొట్టం), స్ప్రింగులు ఉక్కువే. బాగా పేరున్న పాలిమర్ పిస్టల్ గ్లాక్ 17 బరువులో 80 శాతానికి పైగా లోహమే. డిటెక్టర్ కచ్చితంగా పట్టేస్తుంది.

అపోహ: బరువు తగ్గించడానికే పాలిమర్ వచ్చింది.

వాస్తవం: బరువు తగ్గిన మాట నిజం. పాత ఉక్కు పిస్టల్ కోల్ట్ 1911 సుమారు 1.1 కిలోలుంటే, మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసిన గ్లాక్ 17 సుమారు 625 గ్రాములు. రోజంతా నడుముకు కట్టుకుని తిరిగేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. కానీ నా దృష్టిలో అసలు కారణం తయారీ. ఉక్కు ఫ్రేమ్ కావాలంటే ముద్దను మిషన్ మీద దశలవారీగా చెక్కాలి, దానికి చేయి తిరిగిన పనివాళ్లు కావాలి. పాలిమర్ అయితే స్లయిడ్ జారే ఉక్కు పట్టాలను అచ్చులో పెట్టి, కరిగిన నైలాన్‌ను (ఈ పాలిమర్ అదే) ఒత్తిడితో పంపిస్తే ఫ్రేమ్ దాదాపు పూర్తయి బయటికొస్తుంది. ఈ పిస్టల్ తయారుచేసిన ఆస్ట్రియా వ్యక్తి గాస్టన్ గ్లాక్ అంతకుముందు తుపాకులు చేసినవాడు కాదు. ఆయన వర్క్‌షాపులో కర్టెన్ రాడ్లు, సైన్యానికి కత్తులు తయారయ్యేవి. అయినా 1982లో ఆస్ట్రియా సైన్యం ఆయన పిస్టల్‌నే ఎంచుకుంది. తర్వాత అమెరికా పోలీసులు రివాల్వర్లు వదిలి సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లకు మారుతున్నప్పుడు, 17 రౌండ్ల (తూటాల) మ్యాగజైన్‌తో అందుబాటు ధరలో దొరికిన పిస్టల్ ఇదే.

ప్లాస్టిక్ ఒక్కటే గెలిపించలేదనడానికి సాక్ష్యం కూడా ఉంది. జర్మనీ హెక్లర్ అండ్ కోక్ కంపెనీ 1970లోనే పాలిమర్ ఫ్రేమ్‌తో వీపీ70 తెచ్చింది. దాని ట్రిగ్గర్ నొక్కాలంటే మరీ బలం పెట్టాలి. అది నిలబడలేదు.

అపోహ: తేలిక కాబట్టి గురి సులువు.

వాస్తవం: అదే రౌండ్‌ను తేలిక పిస్టల్‌తో పేలిస్తే రికాయిల్, అంటే వెనక్కి తన్నే కుదుపు ఎక్కువే. పాలిమర్ కాస్త వంగి కుదుపును కొంత మింగుతుంది, పూర్తిగా కాదు. అందుకే పోటీ షూటర్లలో చాలామంది ఇప్పటికీ 1.3 కిలోల సీజెడ్ షాడో 2 లాంటి ఉక్కు పిస్టళ్లే ఇష్టపడతారు.

అపోహ: ఎండకు మెత్తబడుతుంది.

వాస్తవం: ఈ రకం నైలాన్ కరగాలంటే 200 డిగ్రీలు దాటాలి. మన ఎండలకు ఏమీ కాదు.

అపోహ: తుప్పు పట్టదు, క్లీనింగ్ అక్కర్లేదు.

వాస్తవం: తుప్పు పట్టనిది ఫ్రేమ్ ఒక్కటే. విశాఖ లాంటి చోట ఉప్పుగాలి, చెమట తగిలితే ఉక్కు స్ప్రింగులు, పిన్నులు పాడవుతాయి. క్లీనింగ్ తప్పదు. ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి: గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ తీసేశాం కదా అని నమ్మి నొక్కితే ఛాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా తూటా ఉండే గొట్టం వెనక భాగంలో) మిగిలిన రౌండ్ పేలుతుంది. గొట్టాన్ని మనుషుల్లేని సురక్షితమైన వైపు తిప్పి, ముందు మ్యాగజైన్ తీయండి, స్లయిడ్ వెనక్కి లాగి పట్టుకోండి, ఛాంబర్‌ను కంటితో చూడండి, వేలితో తడమండి. ఖాళీ అని తేలాక, గొట్టాన్ని అటువైపే ఉంచి, అప్పుడే ట్రిగ్గర్ మీద వేలు పెట్టండి.