వంకలో మట్టిని పట్టే కట్ట

పిల్లకాయలకు,

గట్టివాన పడిన మర్నాడు తిరుపతి కొండ కింది వంకల్లో ఎర్రనీళ్లు పారడం చూసే ఉంటారు. ఆ ఎరుపంతా పైనుంచి కొట్టుకొచ్చిన మట్టే. వదిలేస్తే చెరువులో చేరి పూడికవుతుంది. చెరువుకు ఎగువన వంకకు అడ్డంగా చిన్న మట్టికట్ట వేస్తే నీళ్ల పరుగు తగ్గి, రాళ్లూ ఇసకా ముందు దిగుతాయి, తర్వాత ఒండ్రు. నలకంత కూడా లేని బంకమట్టి మాత్రం ఓ పట్టాన దిగదు. కట్ట దాటిన నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయే అని కంగారు పడొద్దు.

2 మీటర్ల ఎత్తు కట్టకు పైన 1.5 మీటర్ల వెడల్పు అనుకోండి. ఎత్తులో ప్రతి మీటరుకూ నీళ్ల వైపు 2.5 మీటర్లు, వెనక వైపు 2 మీటర్లు వాలు ఇస్తే అడుగున 10.5 మీటర్లు వస్తుంది. ఇంత లావెందుకంటారా? తడిసిన మట్టి నిటారుగా నిలవదు, జారుతుంది.

ముందు గడ్డీ వేర్లూ గీకెయ్యాలి. నడిమధ్యన గట్టినేల తగిలేదాకా కాలువ తవ్వి బంకమట్టితో కూరాలి, లేదంటే నీళ్లు అడుగునుంచి దారి చేసుకుంటాయి. మట్టి ఒక్కసారే కుప్ప పోయకూడదు. 15 సెంటీమీటర్ల పొర, నీళ్లు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ పొర. తడి చాలిందా? పిడికెడు మట్టి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదలండి. నాలుగైదు పెళ్లలైతే సరి. పొడైతే నీళ్లు చాలలేదు, పగలకుండా నేలకు అతుక్కుంటే ఎక్కువైనాయి.

మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే ఇక అంతే, గంటల్లో కోసుకుపోతుంది. అందుకే మొరవ, అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి, కట్ట మీద కాదు, పక్కన కదపని నేలలో, కట్ట తలకన్నా కనీసం అర మీటరు కిందికి పెట్టి రాళ్లు పరవాలి. కూలీ మిగులుతుందని దాన్ని ఇరుకు చేసేవాళ్లున్నారు. అది తప్పుడు లెక్క.

కట్ట మీద గరిక చాలు, చెట్లొద్దు. చెట్టు చస్తే వేరు కుళ్లి బొక్క పడుతుంది. ఎలకల, ఎండ్రకాయల బొక్కలు వెంటనే కూరాలి. వెనక ఊట తేటగా ఉంటే కనిపెట్టి చూస్తుండండి. బురదగా వస్తే లోపల మట్టి పోతోందని గుర్తు: అక్కడ నిలబడకుండా పెద్దోళ్లను పిలవండి. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకు పడినప్పుడు కింది ఊళ్లు ఖాళీ చేయించారు.

కట్టకు ఎగువన నీళ్లు నిలిచే చోట ఒక కడ్డీ పాతి సగం లోతు దగ్గర రంగు పూయండి. మట్టి అక్కడికొస్తే ఎండాకాలంలో ఎత్తెయ్యాలి. ఒండ్రు చేలకు తోలుకోవచ్చు. రాళ్లు మొరవకే పనికొస్తాయి.

మీ తాత