సంఘాల దగ్గరికి చూడ్డానికి వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

కాలేజీ పిల్లలు, ఐటీ ఉద్యోగులు, సెలవులకొచ్చిన అమెరికా చుట్టాలు గల్ఫ్ కార్మికులు, మహిళా రైతులు, పని నుంచి రక్షించిన పిల్లల కోసం పనిచేసే పల్లె సంఘాలను చూసి, ప్రపంచీకరణ ఊళ్లను ఎలా తాకిందో తెలుసుకుందామని హైదరాబాద్ నుంచి బయల్దేరడం మంచిదే. బయల్దేరే ముందు కొన్ని మాటలు.

అపోహ: ప్రపంచీకరణ అంటే హైటెక్ సిటీ.

వాస్తవం: జగిత్యాల, నిజామాబాద్ వైపు వెళ్లి ఓ పాస్‌పోర్టు చూడండి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలసకు అనుమతి కావాలి) అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే 1983 వలస చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి తప్పనిసరి. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. అంతకంటే ఎక్కువ గుంజేవాళ్లు పై సొమ్ముకు రసీదు ఇవ్వరు, తర్వాత కట్టామని నిరూపించుకోవడమే కష్టం. ‘విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా’ అన్న ఏజెంటు మాట నమ్మితే ఆ అనుమతీ ఉండదు, 10 లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు. అక్కడ కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) దగ్గర్నుంచి బయటపడినవాణ్ని మనవాళ్లు ‘ఖల్లివెల్లి’ అంటారు. అకామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు) చెల్లదు కాబట్టి ఆస్పత్రికి పోవాలన్నా భయమే.

అందుకే గల్ఫ్ కార్మికుల సంఘానికి వెళ్తే ‘మీ కష్టాలు చెప్పండి’ అనొద్దు. ఇక్కడ సంతకం పెట్టిన అగ్రిమెంటు, అక్కడ దిగాక పెట్టించిన అగ్రిమెంటు పక్కపక్కన పెట్టి చూపించమనండి. పని పేరు, జీతం, పని గంటలు ఒక్కో వరుస పోల్చండి. మొదటి కాగితంలో డ్రైవరైనవాడు రెండోదాంట్లో గొర్రెల కాపరి అయి ఉండొచ్చు. గంటసేపు ఉపన్యాసం విన్నా ఇంత తెలియదు.

అపోహ: ఎప్పుడు వెళ్లినా ఫరవాలేదు, మన రాకే వాళ్లకు సంతోషం.

వాస్తవం: విత్తే రోజుల్లో వెళ్తే మీతో కూర్చున్నవాళ్ల కూలి పోతుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలను చూడాలంటే సంక్రాంతి నుంచి ఫిబ్రవరి దాకా జరిగే పాత పంటల జాతర సరైన సమయం. బుట్టకు మట్టి, పేడ అలికి, బూడిద, వేపాకు కలిపి విత్తనం ఎలా దాస్తారో చేత్తో పట్టుకుని చూడొచ్చు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఏటా విత్తన ప్యాకెట్ కొనాల్సిన రైతు పరిస్థితి ఈ బుట్ట ముందు కూర్చుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఆరెనిమిది మందికి మించొద్దు. పోయే కూలి సంగతి ముందే సంఘంతో మాట్లాడుకోండి. ఒక్కొక్కరి చేతిలో విడిగా నోటు పెడితే మీరు వెళ్లాక ఊళ్లో గొడవే.

అపోహ: విరాళం ఇస్తే తప్పేముంది?

వాస్తవం: ఇచ్చేవాడి పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. విదేశీ పౌరుడు ఇక్కడే రూపాయల్లో ఇచ్చినా 2010 ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద అది విదేశీ విరాళమే. రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేని సంస్థ తీసుకోకూడదు. ఉన్నదైనా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి. విదేశీ పౌరసత్వం తీసుకుని, భారతీయ మూలాలున్నవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు పెట్టుకున్న మేనమామ కూడా ఈ లెక్కలో విదేశీయుడే. ఆయన ప్రేమగా ఇచ్చిన 5,000తో సంఘానికి తలనొప్పి!

అపోహ: అడిగి ఫొటో తీస్తే చాలు.

వాస్తవం: నాయకుడు పక్కనుండగా ఎవరూ వద్దనరు. చేతులు, పనిముట్లు తీయండి. పని నుంచి రక్షించిన పిల్లల గుర్తింపు బయటపెడితే 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల జైలు, 2 లక్షల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అపోహ: వాళ్ల కష్టం విన్నాం కాబట్టి మనమే ఫిర్యాదు పెట్టేయాలి.

వాస్తవం: మానవ హక్కుల కమిషన్‌కు బాధితుడి తరఫున ఎవరైనా రాయొచ్చు. ఫీజు లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్లాలి. కానీ బాధితుణ్ని అడక్కుండా పెడితే యజమాని కోపం పడేది ఆయన మీదే. వాళ్లు సరేనంటే ఫిర్యాదులో మీ నంబరు కాదు, వాళ్ల ఫోన్ నంబరే రాయండి.