కాజీపేటలో రైలెక్కితే డాల్ఫిన్లు

వరంగల్ నుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం దగ్గర్లో లేదు. అందుకే తిమింగలం అనగానే మనకు టీవీలో గాల్లోకి ఎగిరి పడేదే గుర్తొస్తుంది. తీరాన చూసేవాళ్లు మాత్రం ముందు వెతికేది దాని ఊపిరిని. అందరూ నీటిధార అనుకుంటారు గానీ అది గాలే. తిమింగలానికి మొప్పలుండవు, పైకొచ్చి వదిలిన వెచ్చటి ఊపిరి, చలికాలం పొద్దున మన నోటి ఆవిరిలాగా తెల్లగా కనిపిస్తుంది. నీలి తిమింగలానిది నిటారుగా 9 మీటర్ల దాకా లేస్తుంది. రైట్ వేల్ అనే జాతి తిమింగలానిది రెండు పాయలుగా చీలుతుంది. స్పెర్మ్ వేల్ అనే మరో జాతిది ముందుకు, ఎడమకు వాలుతుంది, దాని ముక్కు రంధ్రం తల కొసన ఎడమ పక్కనే ఉంటుంది మరి.

ఒడ్డుకు దగ్గర్లోనే లోతు మొదలైతే పెద్దవి కూడా దగ్గరికొస్తాయి. న్యూజిలాండ్‌లోని కైకౌరా దగ్గర సముద్రగర్భంలో 1,000 మీటర్లకు పైగా లోతున్న లోయ ఉంది. ఆక్టోపస్‌లాంటి స్క్విడ్‌లను తినడం కోసం స్పెర్మ్ వేల్‌లు ఏడాదంతా అక్కడే తిరుగుతాయి. శ్రీలంకలోని మిరిస్సాలో డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాల కాలం. దక్షిణాఫ్రికాలోని హెర్మానస్‌కు రైట్ వేల్‌లు వచ్చేది తిండికి కాదు, కాన్పుకు. జూన్ నుంచి నవంబర్ దాకా పడవ లేకుండా ఒడ్డు మీది నుంచే చూడొచ్చు.

వీటన్నిటికీ విమానం ఖర్చుంది. కాజీపేటలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు, ఒడిశాలో చిలికా సరస్సు ఉంది. ఆ సరస్సు ఒడ్డున, పూరీ నుంచి 50 కిలోమీటర్ల దూరంలో సాతపడా అనే ఊరు. అక్కడ ఇరావడీ డాల్ఫిన్లుంటాయి. పేరు బర్మా నదిదే అయినా, శాస్త్రలోకానికి ఇది పరిచయమైంది మన విశాఖ రేవు నుంచి. 1852లో అక్కడ దొరికిన నమూనా ఆధారంగానే ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1866లో దీన్ని వర్ణించాడు. ఆ నమూనా సేకరించింది వాల్టర్ ఇలియట్, అమరావతి శిల్పాలు తవ్వించిన దొరే. ఆయన చేతికి ఏది దొరికినా లండన్‌కే పోయేదేమో!

ఈ డాల్ఫిన్‌కు పొడుగు మూతి ఉండదు. గుండ్రటి తల, వీపు మీద చిన్న రెక్క. మెడ ఎముకలు చాలావరకు అతుక్కుపోకుండా విడిగా ఉండటంతో తల అటూ ఇటూ తిప్పగలదు. నోటితో నీళ్లు చిమ్మి చేపల్ని ఒకచోటికి తోలుతుంది కూడా. కానీ గంతులు వేసేది చాలా తక్కువ. బూడిదరంగు వీపు ఇంతంత కనిపించి మునిగిపోతుంది. సర్కస్ ఆశతో పోయినవాళ్లకు నిరాశే. అది చూసి బోటువాళ్లు వెంట తరుముతారు, ప్రొపెల్లర్ తగిలి వాటికి గాయాలవుతాయి. ఎక్కేముందే మాట్లాడుకోండి: దూరంగా ఆపాలె, ఇంజన్ బంద్ పెట్టాలె.