రూ.10 టాపప్ నుంచి రూ.199 దాకా: గోదావరి డెల్టాలో రెండో సిమ్ ఎందుకు బరువైంది

2024 జులై మొదట్లో ప్రైవేటు టెలికాం కంపెనీలు మూడూ ఒకదాని వెనక ఒకటి రేట్లు పెంచాయి. ఎయిర్‌టెల్‌లో 28 రోజుల కనీస ప్యాక్ రూ.179 నుంచి రూ.199కి వెళ్లింది. ఒక్క ఫోను ఉన్న మనిషికి ఇది మోయలేని పెంపేమీ కాదు. కానీ డెల్టాలో ఇంటికి ఒక సిమ్‌తో సరిపెట్టుకున్నవాళ్లు ఎంతమంది? ఇంటాయన ఫోనులో రెండు, ఇంటావిడ ఫోనులో ఒకటో రెండో, కాలేజీకెళ్లే పిల్లకో పిల్లాడికో ఒకటి. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న మనిషి పేరున బ్యాంకు ఖాతాకు కట్టి ఉంచిన పాత నంబరు ఇంకొకటి. కొబ్బరితోటలో ఫోనుతో నడిచే మోటారు స్టార్టర్ డబ్బాలో మరొకటి. వీటిలో సగం రోజుకో కాల్ కూడా చేయవు. చేసినా చేయకపోయినా ఒక్కోదానికి రోజుకు ఏడు రూపాయల పైమాటే. ముప్పై ఏళ్లలో ప్రీపెయిడ్ పేరుతో మనం కొనే సరుకే మారిపోయింది. మొదట్లో నిమిషాలు కొనేవాళ్లం, ఇప్పుడు రోజులు కొంటున్నాం. మంచి ప్లాన్ ఏదని అడిగేముందు ఈ మార్పు ఎలా వచ్చిందో చూడాలి.

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్ మాట్లాడుకున్నారు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో (టెలికాం లైసెన్సు ఇచ్చే ప్రాంతాన్ని సర్కిల్ అంటారు) మొదటి లైసెన్సులు టాటా సెల్యులార్‌కు, జేటీ మొబైల్‌కు దక్కాయి. మొదటిది తర్వాత ఐడియా అయింది, రెండోదాన్ని భారతి కొని ఎయిర్‌టెల్ చేసింది. ఆ రోజుల్లో ఫోను చేసినవాడికీ చార్జీ, ఎత్తినవాడికీ చార్జీ. నిమిషానికి పదహారు రూపాయల దాకా పడేది. రొయ్యల వ్యాపారులు, రైసుమిల్లర్లు, డాక్టర్ల లాంటివాళ్లు తప్ప మిగతా జనం ఎస్టీడీ బూత్‌నే నమ్ముకున్నారు.

బూత్ లెక్కలకీ ఊళ్ల మధ్య దూరానికీ పొంతన ఉండేది కాదు. సఖినేటిపల్లి రేవులో నుంచుంటే వశిష్ఠకు అవతల నరసాపురం కళ్లకు కనబడుతూనే ఉంటుంది. పంటు ఎక్కితే కాసేపట్లో అక్కడ దిగుతాం. ఫోనుకు మాత్రం రాజోలు వైపు కోడ్ 08862, నరసాపురానిది 08814, మధ్యలో జిల్లా సరిహద్దు. సెల్ ఫోను వచ్చి ఈ గొడవ తీర్చింది. రాష్ట్రమంతా ఒకటే సర్కిల్ కాబట్టి నది ఏ ఒడ్డున ఉన్నా రేటు ఒకటే. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం లెక్కలో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్.

అసలు మలుపు 2003 మే 1న వచ్చింది. ఆ రోజు నుంచి ఇన్‌కమింగ్ ఉచితం, చేసినవాడే కట్టాలి. అంతకు ముందు ఏడాది చివర్లోనే బీఎస్ఎన్ఎల్ సెల్‌వన్, రిలయన్స్ రంగంలోకి దిగి ఉన్నాయి. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంటికి ఈ మార్పు ఎంత మేలు చేసిందో కోనసీమలో, నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. అంతకు ముందు శుక్రవారం ఫలానా టైముకు ఫోనొస్తుందని బూత్ దగ్గరో ల్యాండ్‌లైను ఉన్న పక్కింట్లోనో కాచుకుని కూర్చోవాలి. ఇప్పుడు చేతిలో ఫోను ఉంటే చాలు, అటునుంచి వాళ్లే చేస్తారు. ఇటువైపు కార్డు గీకి నంబరు కొట్టి బ్యాలెన్సు వేసుకునేవాళ్లు. మిస్డ్ కాల్ ఒక భాషగా స్థిరపడిందీ అప్పుడే: ఒక రింగైతే రేవు దాటానని, రెండైతే నువ్వే చెయ్యమని.

తర్వాత ఆరేడేళ్లు కొనేవాడిదే రాజ్యం. 2005 చివర్లో లైఫ్‌టైమ్ ప్లాన్లు వచ్చాయి. రూ.999 కడితే ఇన్‌కమింగ్ జీవితాంతం అన్నారు. ‘జీవితం’ అంటే కొన్నవాడిది కాదు, కంపెనీ లైసెన్సుదని చిన్న అక్షరాల్లో ఉండేది. దాన్ని చదివినవాళ్లు లేరు. 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అంది. 2009 జూన్‌లో టాటా డొకొమో సెకనుకు పైసా అంటూ దిగింది. అప్పటిదాకా 61 సెకన్లు మాట్లాడినా రెండు నిమిషాల చార్జీ పడేది. కొన్ని నెలల్లోనే మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. ఆ కాలంలో మన సర్కిల్‌లో ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్, రిలయన్స్, డొకొమో, ఎయిర్‌సెల్, యూనినార్ అన్నీ ఒకేసారి నడిచాయి. సంతలో గొడుగు వేసుకుని సిమ్‌లు ఊరికే పంచిన రోజులు కూడా ఉన్నాయి.

రెండు సిమ్‌ల అలవాటు పుట్టింది అక్కడే. ఒక సిమ్ అందరికీ తెలిసిన నంబరు, రెండోది రేట్ కట్టర్ (కాల్ రేటు తగ్గించే చిన్న రీఛార్జి) వేసి చవగ్గా మాట్లాడుకునేది. రెండో సిమ్‌కు అయ్యే ఖర్చు దాదాపు సున్నా. పది రూపాయల టాపప్ వేస్తే, ప్రాసెసింగ్ ఫీజు, పన్ను పోను ఏడెనిమిది రూపాయలు చేతికొస్తాయి. అవి అయ్యేదాకా మాట్లాడుకోవచ్చు. 2011 జనవరి 20 నుంచి నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు దేశమంతా వచ్చింది. అయినా చాలామంది పోర్ట్ జోలికి పోలేదు. పది రూపాయలతో కొత్త సిమ్ దొరుకుతుంటే ఎవరికి పని?

మోటారు స్టార్టర్లలోకి సిమ్‌లు దూరింది కూడా ఆ దశాబ్దంలోనే. తోటలో మోటారుకో, భీమవరం వైపు రొయ్యల చెరువు మీద నీటికి గాలి పట్టించే ఏరియేటర్లకో మొబైల్ స్టార్టర్ బిగిస్తారు. ఇంటి నుంచి ఆ నంబరుకు కాల్ చేసి అంకె నొక్కితే మోటారు ఆడుతుంది, ఇంకో అంకెకు ఆగుతుంది. కరెంటు పోయి వస్తే కబురు కూడా చెబుతుంది. అర్ధరాత్రి గట్ల మీద టార్చి పట్టుకుని నడిచే బాధ తప్పింది. డబ్బాలో వేసిన సిమ్ చాలాసార్లు ఇంట్లో పడి ఉన్న లైఫ్‌టైమ్ సిమ్మే. దానికి ఇంటర్నెట్‌తో పనిలేదు, మాట కూడా అంతంతే. కావలసిందల్లా నంబరు బతికుండటం.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. అంతకు ముందు నెలకు ఒక జీబీ డేటా కొనాలంటే రూ.250 దాకా అయ్యేది. జియో మొదట ఊరికే ఇచ్చి, 2017 ఏప్రిల్ నుంచి డబ్బులు తీసుకుంటూ రోజుకో జీబీ ఇచ్చింది. కాల్స్‌కు చార్జీయే లేదంది. గల్ఫ్ ఇళ్లలో ఇమో వీడియో కాల్ మామూలైపోయింది, ఫోను ముందు మనవణ్ని ఆడించడమూ అప్పుడే మొదలైంది. పోటీ తట్టుకోలేక ఎయిర్‌సెల్ దివాలా తీసింది, రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైల్ సేవలు మూసేసింది, యూనినార్ నుంచి టెలినార్‌గా మారిన కంపెనీ, టాటా డొకొమో ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. పదికి దగ్గరగా ఉన్న కంపెనీలు నాలుగయ్యాయి. చవక కాలం అయిపోవడానికి అసలు కారణం ఇదేనని నా లెక్క. డేటా చవకైందన్న సంబరంలో ఈ సంగతి మనం పెద్దగా పట్టించుకోలేదు.

2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కస్టమర్లకు మెసేజ్‌లు మొదలయ్యాయి: 28 రోజులకోసారి కనీసం రూ.35 వేయకపోతే సర్వీసు ఆగుతుంది. లైఫ్‌టైమ్ సిమ్‌లున్నవాళ్లు సెల్ షాపుల్లో గొడవపడ్డారు. బ్యాలెన్సు ఉండగా కనెక్షన్ తీసేయొద్దని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పినా, కనీస రీఛార్జి పద్ధతి మాత్రం నిలబడిపోయింది. నెలకు పది రూపాయలు వాడే కస్టమర్‌తో టవరు ఖర్చు రాదన్న కంపెనీల వాదన అబద్ధమేమీ కాదు. కానీ జీవితాంతం అని డబ్బులు తీసుకుని మాట మార్చడాన్ని అది సమర్థించదు. ఆ రూ.35 తర్వాత రూ.45, రూ.79, రూ.99, రూ.155 మీదుగా నడిచి 2024కి రూ.199 దగ్గర ఆగింది. నడుమ 2019 అక్టోబరులో ఏజీఆర్ బకాయిలపై (ఆదాయంలో కంపెనీలు ప్రభుత్వానికి కట్టాల్సిన వాటాపై) సుప్రీంకోర్టు తీర్పు వచ్చి కంపెనీల మీద వేల కోట్ల భారం పడింది. ఆ డిసెంబరులో ఒకసారి, 2021 నవంబరులో ఇంకోసారి రేట్లు లేచాయి. వాడినా వాడకపోయినా కట్టాల్సిన అద్దెలా మారింది రీఛార్జి.

28 రోజుల లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. నెలకోసారి అనుకుని వేస్తాం, ఏడాది తిరిగేసరికి పదమూడుసార్లు వేసి ఉంటాం. ఫిర్యాదులు పెరిగాక 2022 జనవరిలో ట్రాయ్ కలగజేసుకుని, 30 రోజుల వ్యాలిడిటీ ప్యాక్, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్యాక్ కంపెనీకి ఒక్కోటైనా ఉండాలని ఆదేశించింది. ఉన్నాయి, అడిగితే చెబుతారు. యాప్ తెరిస్తే ముందు కనబడేవి మాత్రం ఇప్పటికీ 28, 56, 84లే.

రోజులు కొనడంలో మరో నష్టం 2022లో కోనసీమకు బాగా తెలిసొచ్చింది. మే 24న అమలాపురం అల్లర్ల తర్వాత జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్‌ను దాదాపు రెండు వారాలు ఆపారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ జిల్లా దాటారు. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌లో ఏ రోజు డేటా ఆ రోజుదే, వాడకపోతే మర్నాటికి కలవదు. పాత టాక్‌టైమ్ బ్యాలెన్సైతే ఫోను మూలన పడేసినా అలాగే ఉండేది.

“మాటలకుంటే చాలండి, నెట్టు మాకెందుకండి” అని పెద్దవాళ్లు షాపుల్లో అడుగుతూ వచ్చిన దానికి జవాబు 2024 డిసెంబరు 23న దొరికింది. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే ప్యాక్‌లు ఉండాలని, స్పెషల్ వోచర్ల (ప్రత్యేక ఆఫర్ రీఛార్జిల) వ్యాలిడిటీని 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచవచ్చని ట్రాయ్ నిబంధనలు మార్చింది. మరుసటి నెలలో ఎయిర్‌టెల్ 84 రోజులకు రూ.469, 365 రోజులకు రూ.1,849 పెట్టింది. జియో 84 రోజులకు రూ.448, 336 రోజులకు రూ.1,748 అంది. రెండు కంపెనీల పెద్ద ప్యాక్‌లను పక్కపక్కన పెట్టి చూడండి. జియోది నూటొక్క రూపాయలు తక్కువ, కానీ 29 రోజులు కూడా తక్కువే. రోజుకు లెక్కేస్తే జియో రూ.5.20, ఎయిర్‌టెల్ రూ.5.07. ధర కాదు, ధరను రోజులతో భాగించిన అంకె చూడాలి. రూ.199 ప్యాక్ ఏడాదికి పదమూడుసార్లు వేస్తే రూ.2,587, ఇంటర్నెట్ అక్కర్లేని సిమ్‌కు రూ.1,849 ప్యాక్ వేస్తే రూ.738 మిగులుతుంది. అయితే పాత 2జీ స్టార్టర్ డబ్బాలోనూ, పాత 2జీ కీప్యాడ్ ఫోనులోనూ జియో సిమ్ పనిచేయదు, వాళ్లకు 2జీ నెట్‌వర్కే లేదు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల నంబరు సంగతి వేరు. 90 రోజులు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరు తీసేయవచ్చు. ఖాతాలో రూ.20 బ్యాలెన్సు ఉంటే మాత్రం అది కోసుకుని మరో 30 రోజులు ఉంచాలన్న నిబంధన 2013 నుంచీ ఉంది. 2025లో కొత్త రూలంటూ వాట్సాప్‌లో తిరిగింది ఇదే. దీనివల్ల నంబరు చేజారదు, అంతవరకే. ప్యాక్ అయిపోయిన కొన్నాళ్లకు ఇన్‌కమింగ్ ఆగుతుంది, బ్యాంకు ఓటీపీ రాదు. ఆ నంబరుకు ఆధార్, బ్యాంకు కట్టి ఉంటే ఏడాది వాయిస్ ప్యాక్ వేసి వెళ్లడమే నయం. ఏమీ కట్టి లేని రెండో సిమ్‌నైతే వదిలేయడమే లాభం. 2009లో అది ఊరికే వచ్చేది, ఇప్పుడు కాదు.

2024 రేట్ల తర్వాత చాలామంది బీఎస్ఎన్ఎల్ వైపు చూశారు. తక్కువ డబ్బుకు ఎక్కువ రోజులివ్వడం దాని బలం, నెట్ నెమ్మది దాని బలహీనత. స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభించారు. లంక ఊళ్లలో ఏ కంపెనీ సిగ్నల్ ఏ ఇంట్లో అందుతుందో వీధికీ వీధికీ మారుతుంది కాబట్టి, మారేముందు పక్కింటివాళ్ల ఫోనుతో వంటింట్లో నుంచి ఒక కాల్ చేసి చూసుకోవాలి. మారాలనుకుంటే మీ నంబరు నుంచి PORT అనే ఇంగ్లిష్ మాటతో 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది, చేతకాకపోతే షాపువాణ్ని అడిగినా సరే, మీ ఫోను నుంచే పెట్టి తెప్పిస్తారు. సర్కిల్ లోపలైతే మూడు పనిదినాల్లో అవుతుంది, అయితే ఇప్పుడున్న కంపెనీలో చేరి 90 రోజులు నిండి ఉండాలి.