ఎవరి బిడ్డో చెప్తే ఇల్లు చెప్పినట్టే

దేవరకొండ వైపు ఏ తండాకైనా వెళ్లి ఇంటి నంబరు చెప్పి చూడండి, ఎక్కువమందికి తెలియదు. అదే "ఆటో నడిపేటాయన బిడ్డ" అంటే చిన్న పిల్లలు కూడా వాకిలి దాకా తీసుకెళ్తారు. మన ఊళ్లలో అడ్రస్ అంటే అదే. నేరానికి గురైన ఆడవాళ్ల వివరాలు దాచే చట్టం దాన్ని గుర్తించడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారం కేసులో ఇద్దరు పోలీసులను సుప్రీంకోర్టు వదిలేయడంపై దేశమంతటా లేచిన నిరసనలతో 1983లో చట్టం మారింది. ఐపీసీలో 228ఏ సెక్షన్ చేరింది. అత్యాచార బాధితురాలి పేరు గానీ, ఆమె ఎవరో తెలిసిపోయే వివరం గానీ అచ్చేస్తే రెండేళ్ల దాకా జైలు. 2024 జులై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. ఇందులో చిరునామా అన్న మాట విడిగా లేదు. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం మాత్రం పేరు, చిరునామా, ఫొటో, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు అంటూ ఒక్కొక్కటే రాసింది. పల్లె తెలిసినవాళ్లే రాశారనిపిస్తుంది నాకు.

2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. పరోక్షంగానైనా బాధితురాలిని పోల్చుకునే ఏ వివరమూ బయటికి రాకూడదంది. ఏడాది తిరక్కుండానే శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. ఆమె పేరు, ఫొటో ప్రతి ఫోన్‌లోకీ వెళ్లాక పోలీసులు ఆమెను 'దిశ' అని పిలవమన్నారు. అప్పటికే ఇంటి ముందు కెమెరాలు నిండాయి. కాలనీవాళ్లే గేటుకు తాళం వేసి, మీడియా రావద్దని బోర్డులు పట్టుకోవాల్సి వచ్చింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మిగతా కేసుల సంగతి. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో కోర్టు చెప్పింది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటివాటికి మినహాయింపు ఇచ్చింది గానీ భర్త వేధింపుల కేసును అందులో పేరు పెట్టి చెప్పలేదు. పెట్టాలా వద్దా అన్నది డీఎస్పీ స్థాయి అధికారి నిర్ణయం. 2018 సాక్షుల రక్షణ పథకం కూడా ప్రధానంగా ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకే. వేధింపుల సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష మూడేళ్లు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 1991లోనే వేధింపుల నుంచి తప్పించుకుని వచ్చిన ఆడవాళ్లకు ప్రభుత్వం తరఫున వేరే అడ్రస్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఉత్తరాలు అక్కడికి వస్తే, అసలు ఇంటికి ప్రభుత్వమే చేరుస్తుంది. మన దగ్గర తల్లిగారింటికి వచ్చేసిన ఆమె ఫిర్యాదులో ఆ ఇంటి అడ్రసే రాస్తుంది. చార్జిషీట్‌తో పాటు ఆ ఎఫ్ఐఆర్ కాపీ భర్త చేతికీ వెళ్తుంది.